దారి చెప్పని పందెం

సైకిళ్ల మీద ఆఫీసులకు ఉత్తరాలు, పార్సిళ్లు చేరవేసే కొరియర్లు 1989లో కెనడాలోని టొరంటోలో తమలో తాము ఒక పందెం పెట్టుకున్నారు. దాని పేరు ఆలీక్యాట్.

ఇందులో ట్రాక్ ఉండదు, ట్రాఫిక్ ఆగదు. బయల్దేరేముందు ప్రతివారి చేతిలో ఒక కాగితం పెడతారు. అందులో ఉండేవి చిరునామాలే. ఏది ముందు, ఏది తర్వాత, ఏ సందులోంచి వెళ్లాలి అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. ఒక్కో చెక్‌పాయింట్ దగ్గర ముద్రో, సంతకమో వేయించుకోవాలి. కొన్నిచోట్ల చిక్కుప్రశ్న విప్పితేగానీ వదలరు. కాళ్లలో ఎంత సత్తువున్నా ఊరు తెలియనివాడు వెనకబడతాడు; వీధులన్నీ కొట్టినపిండి అయినవాడు తాపీగా తొక్కుతూనే ముందుకొస్తాడు. నాకు నచ్చేది అదే. పోటీదారు నంబరు చక్రం ఊచల మధ్య దోపిన కార్డు మీద ఉంటుంది. అన్నట్టు, చిట్టచివర వచ్చినవారికీ చాలాచోట్ల బహుమతి ఉంటుంది!

ప్రమాదమూ తక్కువేం కాదు. 2008లో షికాగోలో ఇలాంటి పందెంలోనే కూడలి దాటుతూ ఒకరు వాహనం ఢీకొని చనిపోయారు. 1993లో బెర్లిన్‌లో మొదలైన సైకిల్ కొరియర్ల ప్రపంచ పోటీల్లో మాత్రం ప్రధాన పందేన్ని వాహనాలు రాకుండా మూసిన దారుల్లోనే నడుపుతారు. చిరునామాల వేట అక్కడా తప్పదు.