ఒడ్డు మీద ఇంజన్‌కు నీళ్లు



ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం. మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం పెట్టారు. ఆ రోజుల్లో మన విశాఖ ఫిషింగ్ హార్బరులో ఎటు చూసినా సుత్తి చప్పుడు, రంగు వాసన. బోట్లు ఒడ్డెక్కుతాయి. కొందరు ఇంజన్ దించి షెడ్డుకు తెస్తారు. చిన్నదైతే ఇంటి పెరట్లోకే వస్తుంది.

నేను మెకానిక్‌ని కాను, టీచర్ని. తెలిసినవాళ్లను అడిగి ఈ నాలుగు మాటలు రాసుకొచ్చాను. ఇక్కడ డ్రైవర్లు ఉన్నారు. నా మాటలో తేడా ఉంటే వాళ్లే చెప్పాలి.

"ఇంజన్ ఎలా ఉందో, ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అంటాం గదా! చిక్కంతా అక్కడే.

బోటులో ఇంజన్ ఎలా చల్లబడుతుంది? ఒక పంపు సముద్రపు నీళ్లు లాగుతుంది. ఆ నీళ్లు వేడిని మోసుకుని బయటకు పోతాయి. చాలా పంపుల్లో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. దాన్నే ఇంపెల్లర్ అంటారు. అది నునుపుగా తిరగాలంటే నీళ్లే దిక్కు. ఒడ్డు మీద నీళ్లెక్కడివి? పొడిగా తిరిగితే కొద్ది నిమిషాల్లోనే రబ్బరు కాలి ముక్కలవుతుంది. ముక్కలు గొట్టాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడేమీ తెలియదు. జూన్‌లో, నడి సముద్రంలో వల వేశాక, ఇంజన్ వేడెక్కి ఆగిపోతే తెలుస్తుంది.

అందుకే ముందు నీళ్లు. పెద్ద డ్రమ్ము నిండా మంచి నీళ్లు పెట్టండి. నీళ్లు లాగే పైపును అందులో ముంచండి. డ్రమ్ములోకి కొళాయి వదిలి ఉంచండి. కొళాయి పైపును ఇంజన్‌కే బిగించవద్దు. ఒత్తిడి ఎక్కువైతే నీళ్లు పోకూడని చోటికి పోతాయి. మంచి నీళ్లతో తిప్పితే లోపలి ఉప్పు కూడా కడుక్కుపోతుంది. గాలితో చల్లబడే ఇంజన్లకు మాత్రం ఈ పని లేదు.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందా? నీళ్లు కలిశాయన్నమాట. అప్పుడు తిప్పవద్దు, మేస్త్రిని పిలవండి. గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి. బోటులో బిగించి ఉన్న ఇంజన్ అయితే, గేరు పడగానే ఫ్యాను తిరుగుతుంది. పక్కన పిల్లలుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. లుంగీ, చున్నీ బెల్టుకు దూరంగా ఉండాలి.

రోజూ రెండు నిమిషాలు తిప్పి ఆపేయడం మంచిదని కొందరంటారు. నాకైతే అది దండగ పని అనిపిస్తుంది. ఇంజన్ సరిగా వేడెక్కకపోతే లోపలి తేమ ఆరదు. ఆ తేమే ఆయిల్‌ను పాడు చేస్తుంది. తిప్పితే బాగా వేడెక్కేదాకా తిప్పాలి. లేదంటే కదపకుండా ఉంచాలి. పాత ఆయిల్ వేడి మీదే తీస్తే మడ్డి కూడా దిగుతుంది. దాన్ని కాలవలో పొయ్యకండి.

ఇంకొక మాట. దీన్ని శ్రద్ధగా వినండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ ఎప్పుడూ తిప్పవద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, మగతగా ఉండటం దాని గుర్తులు. మగత వచ్చినవాడు తనంతట తాను లేచి బయటకు రాలేడు. వెంటనే గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయాలి. లోపలికి పోయేవాళ్లు ముందు తలుపులన్నీ తెరవాలి, ఇంజన్ ఆపాలి. ఇంజన్ తిరిగేటప్పుడు ఆడవాళ్లు, పిల్లలు ఆ పక్కన పడుకోకూడదు.

డీజిల్ దగ్గర బీడీ వద్దు. 2023 నవంబరు 19 రాత్రి మన హార్బరులో మంటలు లేచాయి. ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. ఎన్ని కుటుంబాలు రోడ్డున పడ్డాయో మనం చూశాం.

జూన్‌లో బోటు నీళ్లలో దిగాక పైపు మళ్లీ బిగించండి. సముద్రపు నీళ్ల వాల్వు తెరవండి. ఇంజన్ స్టార్ట్ చేసి, బయటకు నీళ్లు వస్తున్నాయా లేదా చూడండి. వస్తుంటేనే గేరు వేయండి.