చెట్టు మీద నురుగు గూడు

కప్ప గుడ్లు ఎక్కడ పెడుతుందని అడిగితే మీరంతా "నీళ్లలో" అంటారు. పాఠ్యపుస్తకంలోని బొమ్మ కూడా అలాగే చూపిస్తుంది. కానీ జపాన్‌లో ఒక కప్ప ఆ పనిని చెట్టు కొమ్మ మీద చేస్తుంది. ఈ రోజు దాని గురించి తెలుసుకుందాం.

దీని శాస్త్రీయ నామం జాంగిక్సాలస్ ఆర్బోరియస్. పాత పుస్తకాల్లో రాకోఫోరస్ అని కనిపిస్తే కంగారుపడకండి, 2019లో ప్రజాతి పేరు మార్చారు. హోన్షూ, సాడో దీవుల అడవుల్లో ఇది నివసిస్తుంది. మగది 4 నుంచి 6 సెంటీమీటర్లు, ఆడది 6 నుంచి 8 సెంటీమీటర్లు ఉంటుంది. ఒళ్లు ఆకుపచ్చగా ఉంటుంది, కొన్నింటికి గోధుమరంగు మచ్చలుంటాయి. వేళ్ల చివర కొమ్మను పట్టుకునే గుండ్రని బిళ్లలుంటాయి. దీనికి అచ్చం ఇలాగే ఉండే బంధువు ఒకటి అక్కడే ఉంది. కళ్లు చూస్తే తేడా తెలుస్తుంది: దీనివి ఎర్రని ఛాయలో ఉంటాయి, దానివి పసుపుపచ్చన. ఆ బంధువు చెరువు గట్టు మట్టిలో గుడ్లు పెడుతుంది.

ఏప్రిల్ నుంచి జూలై వరకు ఇవి అడవి వదిలి చెరువుల దగ్గరికి చేరతాయి. రాత్రివేళ మగకప్పను వీపున మోసుకుంటూ ఆడకప్ప నీటి మీదికి వంగిన కొమ్మ ఎక్కుతుంది. ఒక్కోసారి మరికొన్ని మగకప్పలు కూడా వచ్చి చేరతాయి. ఆడకప్ప గుడ్లతోపాటు ఒక జిగురు ద్రవాన్ని వదిలి, వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. అది తెల్లని నురుగు ముద్దగా మారుతుంది. అందులో కొన్ని వందల గుడ్లుంటాయి. నురుగు పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల మాత్రం తేమ నిలుస్తుంది. నీళ్లలో పెట్టే కప్పల గుడ్లు సాధారణంగా నల్లగా ఉంటాయి కదా. ఇవి లేత పసుపు రంగులో ఉంటాయి, ఎండ సోకని గుడ్లకు నల్లని రంగుతో పనేముంది?

ఒకటి రెండు వారాల్లో గుడ్లు పొదుగుతాయి. వాన పడితే నురుగు కరిగి, తోకకప్పలు చుక్కలు చుక్కలుగా కింది నీటిలోకి రాలతాయి. చేపలకు, నీటి పురుగులకు అందకుండా గుడ్లను కాపాడిన ఉపాయం ఇక్కడితో సరి. కింద ఎర్రపొట్ట న్యూట్లు, అంటే బల్లి ఆకారంలో ఉండే ఉభయచరాలు, నోరు తెరిచి కాచుకుని ఉంటాయి.

కొమ్మ సరిగ్గా నీటి మీద ఉంటేనే ఈ ఏర్పాటంతా పనిచేస్తుంది. చెరువును అలాగే ఉంచి గట్టు మీది చెట్లు కొట్టేసినా ఈ కప్పకు కష్టమే. గట్టు గడ్డిలో గూడు పెట్టిన సందర్భాలు లేకపోలేదు గానీ, దాని అలవాటు అది కాదు. అందుకే ఫుకుషిమా ప్రాంతంలోని కవౌచి గ్రామంలో ఉన్న హెబుసు చెరువును ఈ కప్ప సంతానోత్పత్తి స్థలంగా 1941లోనే జాతీయ సహజ స్మారకంగా ప్రకటించారు. అంటే కప్పతోపాటు అది గుడ్లు పెట్టే చోటును కూడా కాపాడారన్నమాట.

మన దేశంలోని చెట్టు కప్ప కూడా ఇలాంటి నురుగు గూడే కడుతుంది. వానాకాలంలో నీళ్ల తొట్టి గోడ మీద అది కనిపిస్తే సబ్బు నురుగనుకుని చెంబెడు నీళ్లతో కడిగేస్తుంటాం. ఈసారి కనిపిస్తే కొన్ని రోజులు ఆగి, తొట్టిలోకి తొంగి చూడండి.