హాస్టల్ క్యారమ్స్ టీమ్‌ని ఎట్ల సెలెక్ట్ చెయ్యాలి? ఓడిన బోర్డు లెక్క

ఇవాళ్టి టాపిక్ క్యారమ్స్. మస్తుమంది అడిగారు: "అన్నా, హాస్టళ్ల మధ్య టోర్నమెంట్ ఉంది, మా టీమ్‌లోకి ఎవర్ని తీసుకోవాలి?" అని.

బెల్లంపల్లిలో క్యారమ్స్ అంటే ఏంటో చెప్పే పని లేదు. సింగరేణి ఊరు. కంపెనీలో కార్మికుల ఆటల పోటీల్లో క్యారమ్స్ కూడా ఉంటది. ఇటు చూస్తే గురుకులం, పాలిటెక్నిక్, హాస్టళ్లు. గ్రౌండ్ లేకున్నా, వాన పడ్డా, బోర్డు, పౌడర్ డబ్బా ఉంటే చాలు, ఆట మొదలు.

కానీ రూమ్‌లో మనం ఆడేది ఒక ఆట, టోర్నమెంట్‌లో ఆడేది ఇంకో ఆట. చాలా హాస్టల్ టీమ్‌లు మునిగేది ఇక్కడే.

రూమ్‌లో ఎట్ల ఆడతాం? నల్లది 10, తెల్లది 20, రెడ్ 50. ఏది దొరికితే అది వేసెయ్యడమే. ఇంటర్నేషనల్ రూల్స్‌లో అట్ల కాదు. మీ రంగు కాయిన్లు 9, అవతలి వాళ్లవి 9, మధ్యలో క్వీన్. మీ 9 ముందు అయిపోతే బోర్డు మీది. అప్పుడు అవతలి వాళ్లవి ఎన్ని మిగిలాయో అన్ని పాయింట్లు మీకు. క్వీన్ కూడా మీరే వేసి కవర్ చేసి ఉంటే ఇంకో 3. ఇట్ల 25 పాయింట్లు, లేదంటే 8 బోర్డులు, ఏది ముందైతే అక్కడికి గేమ్ అయిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మీరు నాలుగు బోర్డులు గెలిచారు. ప్రతిసారి అవతల రెండే కాయిన్లు మిగిలాయి. నాలుగు రెళ్లు 8. ఐదో బోర్డు ఓడారు. మీవి 7 మిగిలాయి, క్వీన్ కూడా వాళ్లదే. 7 ప్లస్ 3, 10. అంటే నాలుగు గెలిచి, ఒక్కటి ఓడి, మీరు 8–10తో వెనకబడ్డారు!

అదే బోర్డులో ఆ రెండు కాయిన్లతోనే, ఒకటి ముందు వేసి, క్వీన్ వేసి, రెండోదాంతో కవర్ చేసి ఉంటే? బోర్డు అప్పుడూ ఓడేవాళ్లే. కానీ వాళ్లకు వచ్చేది 7 మాత్రమే. ఓడినవాడు వేసిన క్వీన్‌కు ఎవరికీ పాయింట్లు రావు. అప్పుడు స్కోరు 8–7, ముందున్నది మీరే. బోర్డు పోయినా గేమ్ మీ చేతిలోనే ఉంది.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. గెలిచే బోర్డు ఎవడైనా ఆడతాడు. ఓడే బోర్డును తక్కువలో ఓడేవాడే టీమ్‌కు కావాలి.

మరి హాస్టళ్లలో టీమ్ ఎట్ల తయారవుతుంది? బోర్డు ఎవరిదో వాడొకడు, ఫైనలియర్ అన్న ఒకడు, ఒక్క దెబ్బకు రెండు కాయిన్లు వేసి అందరితో అరిపించేవాడు ఒకడు. మూలకు కూర్చుని చప్పుడు చెయ్యకుండా ఆడే ఫస్టియర్ తమ్ముడిని ఎవరూ అడగరు. కాబట్టి ఒక పని చెయ్యండి. టోర్నమెంట్ ముందు ఒక వారం, రూమ్ పాయింట్స్ ఆట బంద్ పెట్టి ఇంటర్నేషనల్ రూల్స్‌తో ఆడండి. నోట్‌బుక్‌లో ప్రతి బోర్డుకు మూడే రాయండి: గెలిచిందెవరు, ఓడినవాడికి ఎన్ని మిగిలాయి, క్వీన్ ఎవరికి పోయింది. నేను కోడ్ రాసేవాడిని కదా, డేటా చూడనిది నమ్మను. మీరు కూడా వారం తర్వాత ఆ పేజీ చూడండి. సీటు ఎవరిదో అదే చెప్తుంది. సీనియర్‌తో గొడవ కూడా ఉండదు.

ఇగ రూల్స్‌లో దొరికిపోయే చోట్లు ఫాస్ట్‌గా.

స్ట్రైకర్ రెండు బేస్‌లైన్లనూ తాకాలి. చివర ఉన్న ఎర్ర గుండ్రం మీద పెడితే దాన్ని పూర్తిగా కప్పాలి, లేదా అసలు తాకొద్దు. సగం సగం ఫౌల్. స్ట్రైకర్ బరువు 15 గ్రాములు దాటొద్దు. రూమ్‌లో వాడే బరువు స్ట్రైకర్ అక్కడ నడవదు, కాబట్టి ఈ వారం నుంచే తేలికదానితో చెయ్యి అలవాటు చేసుకోండి. థంబ్ షాట్ ఓకే, ఎవరైనా లొల్లి పెడితే రూల్ చూపించండి. కుర్చీ జరపడం, లేచి వంగి కొట్టడం కుదరదు.

డబుల్స్‌లో పార్ట్‌నర్ ఎదురుగా కూర్చుంటాడు. బోర్డు నడుస్తుంటే "అది కొట్టు, ఇది ఆపు" అని చెప్పొద్దు, సైగ కూడా వద్దు. అందుకే డబుల్స్‌కు బెస్ట్ ఫ్రెండ్స్ కాదు, ఒకరి ఆట ఒకరికి చూడగానే అర్థమయ్యేవాళ్లు కావాలి.

ఇంకొకటి. స్కోరు 22కు చేరినవాళ్లకు క్వీన్ పాయింట్లు రావు. అవతలి వాళ్లు 22లో ఉంటే, వాళ్లకు 3 పోకుండా ఆపాలని క్వీన్ వెనక పడకండి. మీ కాయిన్లు తగ్గించుకోండి.

"ఇంత సీరియస్ ఎందుకన్నా, టైంపాస్ ఆటే కదా" అంటారు. హైదరాబాద్ ఎస్. అపూర్వ, ఎల్ఐసీ ఉద్యోగి, 2016లో బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యారు. చెన్నై ఆటో డ్రైవర్ కూతురు ఖాజిమా 2024లో అమెరికాలో జరిగిన వరల్డ్ కప్‌లో మూడు గోల్డ్ మెడల్స్ కొట్టింది. మరియా ఇరుదయంకు 1996లో అర్జున అవార్డు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా లిస్టులో క్యారమ్ ఉంది. హాస్టల్ కప్పు గెలిస్తే జాబ్ రాదు, నిజమే. కానీ ఆ ఫస్టియర్ తమ్ముడు కాలేజీ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి స్టేట్‌కు పోవాలంటే మొదటి మెట్టు మీ టీమ్ లిస్టే. ఆ లిస్టులో పేరు లేకపోతే వాడి ఆట రూమ్‌లోనే ఆగిపోతుంది.

మీ హాస్టల్‌లో ఓడే బోర్డును తక్కువలో ఓడేది ఎవరు? కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్రేక్ షాట్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.