శాంతి చట్టం ఎవరికి శాంతి?

(పిట్టలవానిపాలెం దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొవ్వాడ ఎక్కడో శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో వుంది, అక్కడి అణుకరెంటు గొడవ మనకెందుకు అని ఇందాక ఒక పెద్దాయన అడిగాడు. 2008లో వాన్‌పిక్ పేరు చెప్పి మన పక్క నిజాంపట్నం, వాడరేవు తీరంలో వేల ఎకరాలు చుట్టబెట్టారు. అప్పుడు మనల్నెవరు అడిగారు? సముద్రం ఒడ్డు భూమి నోరులేనివాళ్ల చేతిలో వుంటే చాలు, ఏదో ఒక ప్రాజెక్టు వెతుక్కుంటూ వస్తుంది.

కరెంటుకి మనం అడ్డం కాదు. 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా కరెంటు సంగతి చూసింది బాబాసాహెబే. కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలోనే వుండాలని 1947లో రాసిందీ ఆయనే. ఇప్పుడు జరుగుతున్నది దానికి సరిగ్గా తిరగబడి వుంది.

కొవ్వాడలో అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీవి ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు పెడతామన్నారు. ఆ కంపెనీ 2017లో దివాలా తీసి, చేతులు మారింది. రెండువేల ఎకరాలు, మత్స్యకారుల వూళ్లు మాత్రం కాగితాల మీదికి ఎక్కేశాయి. ఇంతవరకూ ఒక్క యూనిట్ కరెంటు రాలేదు.

2047కి లక్ష మెగావాట్ల అణుకరెంటు కావాలట. 2025లో వున్నది తొమ్మిదివేలు కూడా లేదు. అందుకోసం 2025 డిసెంబరులో పార్లమెంటు ఒక చట్టం చేసింది. పేరు 'శాంతి'. (పేర్లు పెట్టడంలో మనవాళ్లని మించినవాళ్లు లేరు.) భోపాల్ చావుల్ని గుర్తుపెట్టుకుని 2010 చట్టంలో ఒక మాట రాశారు: యంత్రంలో లోపం వుంటే, ప్లాంటు నడిపేవాడు అమ్మినవాడి దగ్గర నష్టం రాబట్టుకోవచ్చని. కంపెనీలు పదిహేనేళ్లు మొత్తుకుంది ఈ ఒక్క మాట మీదే. కొత్త చట్టంలో ఆ మాట లేదు. ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని చెరుపు చేస్తేనో తప్ప అమ్మినవాడిని అడగడానికి లేదు. నడిపేవాడి బాధ్యతా అంతే, ఎంత పెద్ద రియాక్టరైనా 3,000 కోట్లు దాటదు. గాలీ నీళ్లూ పాడైతే ఆ వూళ్లో మిగిలేది ఎవరు? వేరేచోట ఇల్లు లేనివాళ్లే గదా!

ఇంకోటి. అణుకరెంటు ప్రభుత్వరంగంలో వున్నంతకాలం అందులో మన పిల్లలకి నూటికి 15 ఉద్యోగాల రిజర్వేషన్ వుంటుంది. ఈ చట్టం ప్రైవేటువాళ్లకి తలుపు తీసింది. అక్కడ రిజర్వేషన్ లేదు. కాంట్రాక్టు కూలిపని మాత్రం వుంటుంది.

భూమి మాటకొస్తే, డి-పట్టాకీ జిరాయితీతో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో మన హైకోర్టు 2004లోనే చెప్పింది. సెంటు భూమి లేకపోయినా, మూడేళ్లుగా ఆ చేలల్లో కూలిచేసి బతికిన కుటుంబాన్ని లెక్కలో వెయ్యాలని 2013 భూసేకరణ చట్టం చెప్తుంది. సర్వేకొచ్చినవాళ్లు ఆసామి పేరు రాసుకుని, కాఫీ తాగి వెళ్లిపోతారు. వాళ్లని వాడలోకి తీసుకొచ్చి, నాట్లకెళ్లే ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే రాయించండి.