మూడు సెకండ్ల పని



ఇల్లాలికీ పిస్తోలుకీ ఏమిటి సంబంధమని నవ్వకండి. మా అమ్మాయి హైదరాబాదులో చదువుకుంటూ 25 మీటర్ల పిస్తోలు గురి నేర్చుకుంటోంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ ఈ పోటీలోనే రజతం, జట్టుతో స్వర్ణం తెచ్చిందిగా, అప్పుడు పట్టిన పట్టు. వాళ్ల నాన్నగారికి మొదట ఇష్టం లేదు. నాకూ భయమే.

పోటీకి 60 గుండ్లు. మొదటి 30 నిదానం. అయిదేసి గుండ్లకు అయిదు నిమిషాల గడువు. తరువాతి 30 వేగం. ఏడు సెకండ్లు ఎర్రదీపం, మూడు సెకండ్లు పచ్చదీపం. పచ్చది వెలిగేదాకా చెయ్యి కిందికి వాలి ఉండాలి. వెలిగాక ఎత్తి, చూసి, ఒక్కటే పేల్చాలి. మా పిల్లకి మొదటి సగం బాగానే కుదిరేది. రెండో సగంలో గుండ్లన్నీ కిందికీ, ఎడమకీ! "ఇంకాస్త త్వరగా కానియ్యవే" అని ఫోనులో నా హితబోధ ఒకటి.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆత్రేయపురంలో మా పిన్నిగారింటికి తీసుకెళ్లాను. పక్కింటావిడ పూతరేకులు తీస్తోంది. పిండినీళ్లలో ముంచిన గుడ్డ వేడికుండ మీద అలా పరిచి ఇలా లాగింది, రేకు వచ్చేసింది. "ఎంత వేగమండీ!" అన్నాను. "వేగమెక్కడిదమ్మా, అక్కర్లేని చోట చెయ్యి కదపను" అంది.

మా పిల్ల ఉలిక్కిపడి, "మా కోచ్‌గారూ ఇదే అంటారమ్మా" అంది. చెయ్యి లేస్తూండగానే ట్రిగ్గరు మీద మొదటి ఒత్తిడి పడాలిట. కళ్లు ముందే లక్ష్యం దగ్గర కాచుకుని ఉండాలి. పిస్తోలు కొసనున్న గురికమ్మి స్పష్టంగా, లక్ష్యం మసకగా కనబడాలి. చెయ్యి కాస్త వణికినా ఆగకుండా మెత్తగా నొక్కెయ్యాలి. ఆఖరి క్షణంలో గభాలున లాగితేనే గుండు కిందికి పోతుంది. పేలగానే చెయ్యి దించెయ్యకూడదు. ఇదంతా ముందు శిక్షకుల ఎదుట, గుండ్లు లేవని రెండుసార్లు చూసుకున్న పిస్తోలుతో, వందలసార్లు నెమ్మదిగా చెయ్యాలి. ఆ తరువాతే గడియారం.

ఇంకో సంగతి. నిదానపు భాగంలో పది మార్కుల వలయం 5 సెంటీమీటర్లు, వేగపు భాగంలో 10. అంటే వణుకుకి చోటిచ్చారన్నమాటే! 2024 పారిస్ ఒలింపిక్స్ అర్హత పోటీలో మనూ భాకర్‌కి నిదానంలో 294, వేగంలో 296 వచ్చాయి.

మొన్న రాత్రి అమ్మాయి ఫోను చేసింది. "ఎంతొచ్చింది?" అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "అన్నం తిన్నావా?" అన్నాను. తిందిట. మార్కులు అదే చెప్పింది, వేగంలో 281. నేను అడగనందుకే చెప్పిందేమో!