గండిపేట గేట్లు, అంబర్‌పేట్ వాకిళ్లు

అంబర్‌పేట్, గోల్నాక, రామంతాపూర్, ఉప్పల్, నాచారం వాళ్లు కొంచెం చెవి ఒగ్గి వినాలి.

మనకు సముద్రం రెండొందల కిలోమీటర్ల పైమాటే. అయినా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండమంటే మనం కూడా కాస్త జాగ్రత్త పడాల్సిందే. 2020 అక్టోబర్ 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి నేరుగా ఇటే వచ్చింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. మన ఊళ్లో ఏడాదంతా కలిపి పడేదే 80 సెంటీమీటర్లు, అటూ ఇటూగా!

ఇక మూసీ సంగతి వేరు. అంబర్‌పేట్‌లో చినుకు పడకపోయినా వరద రావచ్చు. పడమర ఎత్తు, తూర్పు పల్లం, మనం ఉన్నది పల్లంలో. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేట మీదుగా, ఈసీ వాగు హిమాయత్‌సాగర్ మీదుగా వచ్చి బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. అక్కణ్నుంచి పురానాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్, ఆ తర్వాత మనం. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదలో వేల మంది పోయాకే, విశ్వేశ్వరయ్య సలహా మీద ఈ రెండు చెరువులూ కట్టారు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

కాబట్టి వానాకాలంలో మీ డాబా మీది మబ్బు కాదు, వార్తల్లో చెప్పే అడుగులు పట్టించుకోండి. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5. నీళ్లు ఆ మట్టానికి అడుగు, అడుగున్నర తక్కువ వరకు వచ్చి, వికారాబాద్, చేవెళ్ల వైపు వాన పడుతోందంటే గేట్లెత్తుతారనే లెక్క. 2025 సెప్టెంబర్ చివర్లో అలా వదిలిన నీళ్లే ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చాయి. గేట్లెత్తారని విన్నాక మూసారాంబాగ్ దారి మరచిపోండి. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలంటే చుట్టు తిరిగే పోండి, అరగంట ఆలస్యమైతే ఏం?

హుస్సేన్‌సాగర్ అలుగు నాలా కూడా నల్లకుంట, గోల్నాక మీదుగా వచ్చి మన దగ్గరే మూసీలో పడుతుంది. మూసీ నిండుగా ఉన్నప్పుడు నాలా నీటికి పోయే దారి ఉండదు, వెనక్కి తంతుంది. అప్పుడు రోడ్డు మీది నీళ్లు పోతాయని మ్యాన్‌హోల్ మూత తీసేవాళ్లుంటారు. పుణ్యముంటుంది, తీయకండి! మోకాల్లోతు నీళ్లలో ఆ గొయ్యి ఎవరికీ కనపడదు.

మన కాళ్లకింద ఉన్నది గ్రానైట్ బండ. పైనున్న పలచటి మట్టి, మెత్తబడిన రాయి తాగినంతే నీళ్లు ఇంకుతాయి, మిగతాది పరుగే. అందుకే పెద్దలు అడుగడుగునా కుంటలు తవ్వారు. 2025లో మళ్లీ నీళ్లతో నిండిన మన బతుకమ్మ కుంట అలాంటిదే. నన్నడిగితే కొత్త డ్రైనేజీ పైపుల కన్నా అలాంటి కుంట నాలుగు గల్లీలకు ఎక్కువ మేలు.

సెల్లార్ ఉన్నవాళ్లు గట్టి వాన మొదలవ్వకముందే బండ్లు పైకి తెచ్చుకోండి, కింద మీటర్లుంటే మెయిన్ కట్టేయండి. సెల్లార్‌లోకి నీళ్లు రావడం మొదలయ్యాక మాత్రం కారు కోసం ఎవరూ కిందికి పోకండి. వాచ్‌మన్‌ను కూడా పంపకండి. వాళ్ల కుటుంబం ఉండేది ఆ సెల్లార్‌లోనే అయితే ముందు వాళ్లను పైకి పిలవండి.