తోటరాముడి కులం రాజు ఎందుకు అడగలేదు?

(అంబేద్కర్ జయంతి వారంలో మా వాడలో 'పాతాళభైరవి' వేసిన రాత్రి, సినిమా అయ్యాక చేసిన ప్రసంగం. అచ్చు కోసం అక్కడక్కడ సరిచేశాం.)



మూడు గంటల పైచిలుకు సినిమా చూశారు. ఇంక ఉపన్యాసమేందిలే అని వెనకాల కొందరు తుండుగుడ్డలు దులుపుకుంటున్నారు. కూర్చోండి. సినిమాకి కూర్చున్నవాళ్ళు సినిమా గురించి నాలుగు మాటలకి కూర్చోలేరా?

జయంతి వారంలో జానపద సినిమా ఏందని మన కార్యకర్తల్లోనే ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగాల్సిన మాటే. బాబాసాహెబ్ మీద పాటలున్నాయి, డప్పులున్నాయి, మనోళ్ళు కట్టిన నాటకాలున్నాయి. అవన్నీ ఉండగా రాజకుమారి, మాంత్రికుడు, మాయల బొమ్మ దేనికి? మా జవాబు ఇది. మన వాడలో తాత దగ్గర్నించి మనవడి దాకా అందరి తలకాయల్లో ఉన్న కథ ఇది. ఎవరూ నేర్పకుండానే మనం నేర్చుకున్న పాఠం. అలాంటి పాఠాన్ని ఒకసారి బయటికి తీసి, ఇందులో మనకి పనికొచ్చేదెంత, మనల్ని మోసపుచ్చేదెంత అని చూసుకోవాలి గదా.

మేం దీన్ని మొదట చూసింది 1980ల చివర, పదేళ్ళ లోపు వయసులో. ఊరి నడిబజార్లో రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టేవాళ్ళు. గుడ్డకి ముందువైపు ఊరు, వెనకవైపు మేం. ముందుకి రాగూడదని ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు. పెట్టే అవసరం లేదు, ఎక్కడ ఆగాలో మా కాళ్ళకే తెలుసు. గుడ్డ పలచన కాబట్టి బొమ్మ వెనక్కి కూడా కనపడేది. కాకపోతే తిరగబడి కనపడేది. పేర్లు పడేటప్పుడు అక్షరాలు అద్దంలో చూసినట్టు ఉండేవి. మాలో అక్షరాలొచ్చినోళ్ళే తక్కువ కాబట్టి ఆ తిరకాసు ఎవరికీ పట్టలేదు. మాకు తెలిసిన తోటరాముడు ఎడమచేతివాటం మనిషి. కత్తి ఎడమచేత్తో తిప్పేవాడు. మేం పిల్లలం కూడా జమ్ముపుల్లలతో యుద్ధాలు చేసేటప్పుడు ఎడమచేత్తోనే చేసేవాళ్ళం, కుడిచేత్తో చేసినోణ్ణి సైన్యంలోంచి తీసేసేవాళ్ళం. చదువులయ్యి, ఉద్యోగమొచ్చి, ఇంట్లో టీవీ పెట్టుకున్నాక ఆ సినిమా మళ్ళీ చూస్తే తోటరాముడు కుడిచేత్తో కత్తి దూశాడు. పక్కన కూర్చున్న పిల్లలకి మేం ఎందుకు నవ్వామో, నవ్వు మధ్యలో ఎందుకు ఆపామో అర్థం కాలేదు.

సరే, సినిమాలోకి వద్దాం. ఇది 1951లో వచ్చింది. విజయా వాళ్ళు తీశారు, కె.వి. రెడ్డి దర్శకుడు, మాటలు పింగళి నాగేంద్రరావు. ఎన్.టి. రామారావు తోటరాముడు, ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడు. మాయలు చూపించిన కెమెరా మార్కస్ బార్ట్‌లేది. తోటరాముడి తల్లి వేషం కట్టినామె సురభి కమలాబాయి, మన తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో కూడా ఆమే లీలావతి. డెబ్భై ఏళ్ళు దాటినా ఈ సినిమా పాతపడలేదు. ఇందాక మాంత్రికుడు కళ్ళు ఉరిమితే మన బుడ్డోళ్ళు అమ్మ చీరకొంగులో దూరటం చూశారుగా.

జానపద కథంటే కథానాయకుడు మామూలుగా ఎవరు? రాజకుమారుడు. లేకపోతే చిన్నప్పుడు అడవిలో తప్పిపోయి చివర్లో పుట్టుమచ్చ చూపించే రాజకుమారుడు. ఇందులో అలా కాదు. తోటమాలి కొడుకు. చివరిదాకా తోటమాలి కొడుకే. పుట్టుమచ్చ లేదు, దాచిపెట్టిన రాజముద్రిక లేదు. చేతికి మట్టంటుకున్న కుటుంబంలో పుట్టినవాడు ఉజ్జయిని రాజుగారమ్మాయిని కోరుకున్నాడు, ఆ పిల్ల కూడా వాణ్ణి కోరుకుంది. తెర వెనక కూర్చున్న మాకు ఒళ్ళు పులకరించిందంటే ఇందుకే. ఆ సంగతి అప్పుడు మాటల్లో చెప్పలేకపోయేవాళ్ళం గానీ, మావాడే గెలుస్తున్నాడని మాత్రం తెలుసు. ఈ సినిమాకి ఇవ్వాల్సిన గౌరవం ఇస్తున్నాం. తక్కువ చేసి మాట్లాడబోవటం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పట్టుబడ్డ తోటరాముడితో రాజు ఏమన్నాడు? నాతో సమానంగా సంపద తీసుకురా, అప్పుడు నా కూతుర్నిస్తానన్నాడు. అంతే. నీ తాత పేరేంటి అనలేదు. మీది ఏ గడ్డ అనలేదు. మీ అమ్మ ఎవరింట్లో కసువూడ్చింది అనలేదు. డబ్బొకటే అడిగాడు. తోటరాముడు పాతాళభైరవి బొమ్మ తెచ్చి, రాత్రికి రాత్రి రాజభవనం లేపేసరికి రాజు మాట మీద నిలబడ్డాడు.

అయ్యా, అలాంటి రాజు మనకి ఏ ఊళ్ళో ఉన్నాడు? చెప్పండి, బస్సు కట్టుకుని పోయి చూసొద్దాం.

ఈ సినిమాలో అందరికంటే పెద్ద మాయ మాంత్రికుడు చేసింది కాదు. ఎగిరిపోయే మేడ కాదు, కత్తివేటు పడ్డాక లేచి కూర్చోవటం కాదు. రాజు కులం అడక్కపోవటమే పెద్ద మాయ. బీదాగొప్పా తేడా ఒకటే ఉన్నట్టు, అది తీరితే అన్నీ తీరినట్టు చూపించటం. ఆ మాయ ఎంత బాగా పనిచేసిందంటే, మన పెద్దలు మనకి అదే చెప్పారు. చదువుకో, ఉద్యోగం తెచ్చుకో, మేడ కట్టు, వాళ్ళే నీ గుమ్మానికొస్తారన్నారు. పాపం, మంచికే చెప్పారు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఏం జరిగిందో మీకు తెలుసు. మన కుర్రాడు. చదువుకున్నాడు, ఇంటికి లోటు లేదు. వైశ్య కుటుంబంలో పిల్లా అతనూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. కడుపుతో ఉన్న భార్యని ఆస్పత్రికి తీసుకొచ్చి, బయటికి వస్తుంటే వెనకనుంచి నరికారు. పోలీసులు చెప్పిన లెక్క ప్రకారం, పిల్ల తండ్రి దానికి కుదుర్చుకున్న బేరం కోటి రూపాయలు. సినిమాలో రాజు అల్లుడవబోయేవాణ్ణి సంపద తెమ్మన్నాడు. ఇక్కడ మామ తన సంపదలోంచి కోటి తీసి అల్లుణ్ణి చంపించటానికి బేరం పెట్టాడని కేసు. మొదటి ముద్దాయి అయిన ఆ తండ్రి 2020 మార్చిలో చనిపోయాడు. నల్లగొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. ఆరున్నరేళ్ళు పట్టింది. ఆ అమ్మాయి గురించి కూడా చెప్పుకోవాలి. సినిమాలో ఇందుమతిని మేడతో సహా ఎత్తుకుపోతారు, ఆమె ఏడుస్తుంది. ఈ పిల్ల ఏడ్చి ఊరుకోలేదు. కన్నతండ్రి చేయించాడని లోకం ముందు చెప్పి, శిక్ష పడాల్సిందేనని నిలబడింది. మన ఆడపిల్లలకి ఎవరి కథ చెప్పాలో మీరే చూసుకోండి.

సినిమా హాలు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేం. చీకట్లో అందరం ఒకటే అంటారు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, 1991 జులైలో, సినిమా హాల్లో మన కుర్రాడి కాలు రెడ్డి కుర్రాడికి తగిలింది. అంతే, కాలు తగిలింది. ఆ తగవు కొట్లాటయింది, సాంఘిక బహిష్కారమయింది, ఆగస్టు 6న ఎనిమిదిమంది మనోళ్ళని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టు 2007లో ఇరవైఒక్క మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. చీకట్లో కూడా కాలు ఎవరిదో వాళ్ళకి తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా చరిత్రలో ఉంది కాబట్టి చెప్తున్నాం. తోటమాలి కొడుకు వేషం కట్టి ఇంటింటి దేవుడైన మనిషి 1983లో ముఖ్యమంత్రి అయ్యాడు. మన వాడలు కూడా ఓట్లు వేశాయి, తోటరాముడికే వేస్తున్నామనుకుని వేసినవాళ్ళూ ఉన్నారు. 1985 జులై 17న కారంచేడు జరిగినప్పుడు ఆయనే ముఖ్యమంత్రి. వేషానికీ మనిషికీ మధ్య ఎంత దూరమో మన ఉద్యమానికి చీరాల శిబిరంలో తెలిసొచ్చింది.

నిజం తోటమాలి కొడుకు గురించి చెప్పమంటారా? పేరు జోతిరావు ఫూలే. పుట్టింది 1827లో. ఆయన ఇంటివాళ్ళు పీష్వాల దర్బారుకి పూలు సరఫరా చేసేవాళ్ళు, అందుకే ఫూలే అనే పేరొచ్చింది. 1848లో బ్రాహ్మణ స్నేహితుడి పెళ్ళి ఊరేగింపులో నడుస్తుంటే, మాలీవాడివి మాతో సమంగా నడుస్తావా అని అవమానించారు. చూడండి, పిల్లనడగలేదు, పల్లకీ అడగలేదు, పక్కన నడిచాడంతే. ఆయన ఆ ఏడే సావిత్రిబాయితో కలిసి పూనాలో ఆడపిల్లలకి బడి పెట్టాడు. మేడ కట్టలేదు, బడి కట్టాడు. తోటరాముడి కథ చెప్పినప్పుడల్లా మన పిల్లలకి దీన్ని కూడా కలిపి చెప్పండి.

అయితే సినిమాలో మనం తీసిపెట్టుకోవాల్సిన చోటు ఒకటుంది. గుహ. మాంత్రికుడు తోటరాముణ్ణే ఎందుకు వెతికి పట్టుకున్నాడు? బలికి సాహసవంతుడైన కుర్రాడు కావాలి. పిరికివాడు పనికిరాడు. రాజకుమారుణ్ణి తెస్తే రాజ్యమంతా వెంటబడుతుంది. తోటమాలి కొడుకైతే అడిగేవాడుండడు, ఒక్క తల్లి తప్ప. వాణ్ణి పొగుడుతాడు, పరీక్షలు పెడతాడు, నీ కోరిక తీరుస్తానంటాడు. మనసులో మాత్రం కత్తి నూరుతున్నాడు. ఎన్నికలప్పుడు మన కుర్రాళ్ళకి బండ్లిచ్చి, బిర్యానీ పొట్లం చేతిలో పెట్టి, జెండా భుజాన వేసి, తమ్ముడూ నీ అంత ధైర్యవంతుడు లేడని వీపు తట్టేవాళ్ళని గుర్తు తెచ్చుకోండి. కొట్లాటైతే కేసు ఎవరి మీద పడుతుంది? బెయిలుకి తిరిగేది ఎవరి అమ్మ? తోటరాముడికి మొసలి రూపంలో ఉన్న కన్య నిజం చెప్పింది. చెవినిబెట్టాడు. బలిపీఠం దగ్గర మోకరిల్లాల్సినవాడు, మాంత్రికుణ్ణే మోకరిల్లజేశాడు. ఆ చోట మాత్రం తెరకి ముందున్నా వెనకున్నా ఒకటే, వాడి కత్తి మన కత్తే.

మాంత్రికుడి విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త. తెర మీద రంగారావుని చూసి భయపడటం సరదా. ఆ భయం ఇంటికి తీసుకుపోతేనే ముప్పు. పిల్లాడికి జ్వరమొస్తే, గేదె చస్తే, చేతబడి చేశాడని మన ఊళ్ళల్లో చెట్టుకి కట్టేసి కొట్టేది ఎవర్ని? పళ్ళు ఊడగొట్టేది ఎవరికి? బీదవాడికి, ముసలామెకి, చాలాసార్లు మన వాడ మనిషికే. కొట్టేవాళ్ళల్లో మనోళ్ళు కూడా ఉంటున్నారు. పూసల దండలేసుకున్న మాంత్రికుడు సినిమాలోనే ఉంటాడు. జ్వరానికి ఆస్పత్రికి పోండి.

ఇక మన కుర్రకారుకి. మీలో ఎవరెవరు ఎవరెవర్ని ఇష్టపడుతున్నారో మాకు తెలియదనుకోకండి, బడిపంతుళ్ళం, కాపీ కొట్టే పిల్లల ముఖాలు చూసీ చూసీ ఉన్నాం. ఇష్టపడొద్దని చెప్పటానికి రాలేదు. కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలు మందని బాబాసాహెబ్ 1936లోనే రాశాడు. కానీ పాతాళభైరవి బొమ్మ మన దగ్గర లేదు. ఉన్నవి రెండు మూడు కాయితాలు, వాటిని చదువుకోవాలి. 1954 ప్రత్యేక వివాహాల చట్టం ఉంది. దాంట్లో ముప్ఫై రోజుల నోటీసు ఉంది, ఆ నోటీసు ఆఫీసులో అంటిస్తారు. చూడాల్సినవాళ్ళే కాదు, చూడగూడనివాళ్ళు కూడా చూస్తారు. ఆ నెల రోజులు ఎక్కడుండాలో ముందే అనుకోవాలి. పరువు పేరుతో జరిగే దాడుల నుంచి జంటలకి రక్షణ ఇవ్వాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు పోలీసులకి ఆదేశాలిచ్చింది. ఆ తీర్పు గురించి తెలుగులో నాలుగు పేజీలు రాసి పెట్టాం, సంఘం గదిలో ఉంది. పెళ్ళయ్యాక ఫొటోలు పంపటం కాదు, ముందే వచ్చి చెప్పండి. అర్ధరాత్రైనా తలుపు తీస్తాం. తల్లిదండ్రులూ, మీ పిల్లాడు చెప్తే కొట్టబోకండి. తోటరాముడి తల్లికి కూడా భయమేసింది. భయం తప్పు కాదు, భయమేసి వాణ్ణి ఒంటరిగా వదిలెయ్యటమే ప్రమాదం.

వచ్చే పక్షం, కరెంటు ఉంటే, 'మాయాబజార్' వేస్తాం. అదీ కె.వి. రెడ్డి తీసిందే, 1957. ఈసారి రంగారావు ఘటోత్కచుడు. చూడబోయే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఒక మాట అడిగి రండి: హిడింబి అడవిలోనే ఎందుకుండిపోయింది, కొడుకు మాత్రం పాండవుల పనికి ఎందుకు రావాల్సొచ్చింది? జవాబులు పిల్లలు కాయితం మీద రాసుకొస్తే ఈ పత్రికలో వేస్తాం. చాపలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. తెర ఈసారి గోడకి కడతాం, వెనక కూర్చోవటానికి చోటుండదు.

జై భీమ్.